నాలుగు లోపలే ఉంది కదా అనుకున్నాం

(అనంతపురంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మాట్లాడింది. రికార్డు చేసుకుని, మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం.

అధ్యక్షుల వారు ఫోన్ చేసి "ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పు సార్" అన్నారు. నేను డాక్టరును కాను. 34 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పినోణ్ణి. ఉరవకొండ, కళ్యాణదుర్గం, ఆఖర్న ఇక్కడే. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత ఒకటే. ఏడేళ్ళుగా ప్రోస్టేట్ గ్రంథి లేకుండా బతుకుతాన్నా.

(సభలో నవ్వులు)

నవ్వండి, పర్వాలేదు. నవ్వకపోతే ఈ మాట ఎవరూ ఎత్తరు. మన వయసువాళ్ళు నలుగురు కలిస్తే షుగర్ గురించి మాట్లాడుకుంటాం, బీపీ గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటాం. నడుము కిందికి వచ్చేసరికి అందరం మౌనవ్రతం. అక్కల్లారా, చెల్లెళ్ళారా, మీరూ లేచి పోవద్దు. జబ్బు మాదే, ఫైలు మాత్రం మీ బీరువాలోనే ఉంటాది.

ముందు మా డ్రిల్లు మాస్టారి సంగతి చెబుతా. ఆయన పేరు చెప్పను, ఊరు చెప్పను. ఆయన ఒప్పుకున్నాకే చెబుతున్నా. నాకంటే మూడేళ్ళ ముందే ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. బాగా కోలుకున్నాడు. పొద్దున్నే గ్రౌండుకు పోయి పిల్లలను పరుగెత్తించేవాడు. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నారు కదా, చేయించుకున్నాడు. ఆ మాట తప్పలేదు. అందులో పీఎస్ఏ అనే ప్రోటీన్ ఎంతుందో చూస్తారు. అది ఒకసారి 0.3 వచ్చింది. తరవాత 0.7. తరవాత 1.6. ప్రతిసారీ రిపోర్టులో ఆ అంకె పక్కన ఇంకో వరస ఉంటుంది, మీరందరూ చూసే ఉంటారు. "సాధారణ పరిమితి: 0 నుంచి 4 వరకు." ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వరస చదివి "నాలుగు లోపలే ఉందప్పా" అని ఫైల్లో పెట్టేసేవాడు. ఒక చిన్న క్లినిక్కులో చూపిస్తే వాళ్ళూ అదే అన్నారు, నార్మల్ అని. రెండేళ్ళకు పైగా ఇదే తంతు. తుంటి ఎముకలో నొప్పి మొదలై, పెద్దాసుపత్రికి పోయినప్పుడు గానీ జబ్బు తిరగబెట్టిందని తెలియలేదు.

ఇందులో తప్పు ఎక్కడుంది? టెస్టు చేయించాడు. అంకె సరిగ్గానే వచ్చింది. ల్యాబు వాళ్ళు అబద్ధం రాయలేదు. కానీ ఆ "0 నుంచి 4" అనే మాట ప్రోస్టేట్ ఉన్న మగవాడికి రాసింది. గ్రంథి లేనివాడికి ఆ వరసతో పనే లేదు. కంప్యూటర్‌కు నీ ఒంట్లో గ్రంథి ఉందో లేదో తెలీదు, అందరికీ ఒకే వరస అచ్చు గుద్దుతుంది. ఈ రోజు నేను మాట్లాడేదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి మరవద్దు.

ఎందుకో చెబుతా. ప్రోస్టేట్ అంటే మూత్రపు సంచి కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, వయసు మీద పడే కొద్దీ పెరుగుతుంది. పీఎస్ఏ అనే ప్రోటీన్ ఆ గ్రంథి కణాలు తయారు చేసేదే. అందులో కొంచెం రక్తంలోకి కారుతుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని నానోగ్రాములు ఉందో కొలుస్తారు. మామూలు కణం అయినా తయారు చేస్తుంది, క్యాన్సర్ కణం అయినా తయారు చేస్తుంది. అందుకే గ్రంథి ఉన్నన్నాళ్ళూ ఈ టెస్టుతో పెద్ద తలనొప్పి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది, గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది. పెరిగిందంటే క్యాన్సరే అని చెప్పలేం. గ్రంథి తీసేసినాక ఆ సాకులన్నీ పోతాయి. ఇక రక్తంలో పీఎస్ఏ కనబడి, పెరుగుతూ పోతుందంటే, ఆ కణాలు ఎక్కడో మిగిలి ఉన్నాయని అర్థం.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ప్రోటీన్‌ను 1979లో అమెరికాలో, బఫెలో ఊళ్ళోని రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో విడదీసి శుద్ధి చేశారు. అక్కడి ప్రభుత్వం 1986లో ఈ టెస్టుకు మొదట అనుమతి ఇచ్చింది జబ్బును కనిపెట్టడానికి కాదు, జబ్బు ఉందని తేలినవాళ్ళను గమనిస్తూ ఉండటానికి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో క్యాన్సర్ వెతకటానికి అనుమతి 1994లో వచ్చింది. అంటే ఈ టెస్టు పుట్టిందే మాలాంటి వాళ్ళ కోసం. మీకు తరవాత వచ్చింది.

ఇప్పుడు నా సంగతి. బోర్డు ఉందా? ఉంది, మంచిది. సుద్దముక్క చేతిలో లేకపోతే నాకు మాట రాదు.

2018లో నాకు 64 ఏళ్ళు. రాత్రిపూట నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంటే చూపించుకుంటే పీఎస్ఏ 11.2 వచ్చింది. బయాప్సీ, స్కాను, అవన్నీ అయినాయి. ఆగస్టులో బెంగళూరులో ఆపరేషన్. మా అమ్మాయి అక్కడే ఉంటుంది కాబట్టి అక్కడికి పోయినాం. డిశ్చార్జి అయ్యేటప్పుడు డాక్టరు "ఆరు వారాలకు పీఎస్ఏ చేయించుకుని రండి" అన్నాడు. నేను "రేపే చేస్తే ఏం సార్, గ్రంథి తీసేశారు కదా" అన్నా. ఆయన నవ్వి "మీరు లెక్కల మాస్టారు కదా, అర్ధాయువు తెలుసు కదా" అన్నాడు.

రక్తంలో ఉన్న పీఎస్ఏ రెండు మూడు రోజులకు సగమవుతుంది. మూడు రోజులే అనుకుందాం. నాది 11.2. మూడో రోజుకు 5.6. ఆరో రోజుకు 2.8. తొమ్మిదికి 1.4. పన్నెండుకు 0.7. పదిహేనుకు 0.35. ఇట్లా సగం చేసుకుంటూ పోండి. పదోసారి సగం చేసేసరికి, అంటే నెల రోజులకు, 0.01 దగ్గరకు వస్తుంది. పాత సరుకు మొత్తం ఖాళీ కావడానికి నెల పైన పడుతుంది. రెండో వారంలో పోయి టెస్టు చేయిస్తే 0.7 కనబడుతుంది, అది చూసి ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఆ ఏడుపుకు అర్థం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమనేది అందుకే. అప్పటికి కూడా 0.1కి పైన నిలబడి ఉంటే మాత్రం అది మిగిలిపోయిన జబ్బు కింద లెక్క, డాక్టరు వెంటనే ఆలోచించాల్సిందే.

నాకు ఆరు వారాలకు "0.01 కంటే తక్కువ" వచ్చింది. ఆ రోజు మా ఇంటావిడ వీధంతా పంచదార పంచింది. నేనూ అయిపోయిందనుకున్నా.

అయిపోలేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రాసిన రిపోర్టు ఒకటి ఉంటుంది. దాన్ని మనం ఎవరం చదవం. అందులో మూడు నాలుగు సంగతులు ఉంటాయి. గ్లీసన్ స్కోరు ఎంత, అంటే కణాలు ఎంత మొరటుగా ఉన్నాయి అని. గ్రంథి తొడుగు దాటి బయటికి వచ్చిందా. వీర్యకోశాల్లోకి పోయిందా. కోసిన అంచులో క్యాన్సర్ కణాలు ఉన్నాయా. నా రిపోర్టులో గ్లీసన్ 4+3, తొడుగు దాటింది, అంచులో ఒకచోట కణాలున్నాయి. మూడు మార్కులు పోయినాయన్న మాట. మీ ఫైల్లో ఆ కాగితం ఉంటే ఈ రాత్రే తీసి చూడండి. లేకపోతే ఆసుపత్రిని అడిగి తెచ్చుకోండి. పదేళ్ళ తరవాత కూడా కొత్త డాక్టరు మొదట అడిగేది దాన్నే.

అంచులో కణాలున్నాయంటే వెంటనే రేడియేషన్ పెట్టెయ్యొచ్చు కదా? నేనూ అదే అడిగినా. ఒకప్పుడు అట్లే చేసేవాళ్ళట. ఈ ప్రశ్న మీద బ్రిటన్ వాళ్ళు, ఇంకో మూడు దేశాలు కలిసి 1,396 మందితో ఒక పెద్ద పరీక్ష పెట్టారు. సగం మందికి వెంటనే రేడియేషన్. మిగతా సగం మందిని పీఎస్ఏతో కాపు కాస్తూ, పెరిగితేనే రేడియేషన్. ఫలితం 2020లో వచ్చింది. అయిదేళ్ళకు చూస్తే రెండు గుంపులూ దాదాపు ఒకటే, పీఎస్ఏ లెక్కన జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు వంద మందిలో 85, 88. కాపు కాసిన గుంపులో సుమారు మూడో వంతు మందికే రేడియేషన్ పెట్టాల్సి వచ్చింది. మిగతావాళ్ళకు ఆ బాధ తప్పింది. ఫ్రాన్సులో, ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షలూ ఆ వైపే మొగ్గినాయి. మరీ మొండి జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు ముందే పెట్టొచ్చు. కానీ ఒకటి గమనించండి. కాపు కాయడం పనిచేసింది ఎందుకంటే వాళ్ళు నిజంగా కాపు కాశారు కాబట్టి. పరీక్షలు మానేసి ఇంట్లో కూర్చున్నోణ్ణి ఏ పరిశోధనా కాపాడలేదు.

కాబట్టి మూడు నెలలకోసారి, ఆర్నెల్లకోసారి టెస్టు. మొదటి రెండు మూడేళ్ళు దగ్గర దగ్గరగా, అంతా బాగుంటే తరవాత ఆర్నెల్లకు, ఆ తరవాత ఏడాదికి. ఎప్పటిదాకా? ఇదే అందరూ అడిగేది. బతికినన్నాళ్ళూ. పదిహేనేళ్ళ తరవాత తిరిగొచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు.

నేను ఒక నోటు పుస్తకం పెట్టినా. అయిదు గళ్ళు. తేదీ, ల్యాబు, ఏ మిషను, అంకె, డాక్టరు ఏమన్నాడు. ల్యాబు ఎందుకు రాసుకోవల్లంటే, ఒక్కో కంపెనీ కిట్టు ఒక్కో రకంగా కొలుస్తుంది. నాకు ఒకసారి మా ల్యాబులో 0.04 వస్తే, ఎందుకో అనుమానం వచ్చి అదే వారం ఇంకోచోట ఇచ్చినా. అక్కడ 0.08. రాత్రంతా నిద్ర లేదు. వారంలో రెట్టింపయిందనుకున్నా! అవి రెండు తక్కెళ్ళు, అంతే. ఇంకో ల్యాబులో మిషను 0.1 కంటే కింద కొలవలేదు, "0.1 కంటే తక్కువ" అని మాత్రమే ఇస్తుంది. దాన్ని చూసి "అయ్యో 0.04 నుంచి 0.1కి పోయిందే" అని ఒకాయన నాకు ఫోన్ చేశాడు. కాదు సామీ, మిషను చూపు అంతే. అందుకే ఒకటే ల్యాబు పట్టుకోండి. మారాల్సి వస్తే మారిన తేదీ దగ్గర ఎర్ర గీత గీసుకోండి.

ఇంకో చిన్న మాట. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ మధ్య ఎక్కువైనారు. మన తలల మీద ఇంక రాలడానికి ఏముందో నాకు తెలీదు గానీ... (నవ్వులు) ఆ మాత్ర ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని మిషన్లలో పీఎస్ఏ ఉన్నదానికంటే తక్కువ చూపించే ప్రమాదం ఉంది. రక్తం ఇచ్చేముందు ఏం మాత్రలు వేసుకుంటున్నారో ల్యాబులో చెప్పండి.

నా పుస్తకంలో అంకెలు చదువుతా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మొదటి ఏడాది అంతా 0.01 కంటే తక్కువ. ఏడాదిన్నరకు 0.02. రెండేళ్ళకు, అది కరోనా కాలం, అయినా పోయి ఇచ్చొచ్చినా, 0.02. రెండున్నరేళ్ళకు 0.04. మూడేళ్ళకు 0.07. అక్కడి నుంచి మూడు నెలలకోసారి: 0.10, 0.14, 0.20.

ఇది ఏ శ్రేఢి? పదో తరగతి. అంకశ్రేఢా, గుణశ్రేఢా? (సభలో ఎవరో: "గుణశ్రేఢి సార్!") శభాష్. మీకు మార్కులు ఎన్నొచ్చినాయో గుర్తుంది నాకు. అంకశ్రేఢి అయితే ప్రతిసారీ అంతే కలుస్తుంది. గుణశ్రేఢిలో ప్రతిసారీ అన్ని రెట్లు అవుతుంది. కణాలు ఒకటి రెండు అవుతాయి, రెండు నాలుగు అవుతాయి. అందుకని "0.1 పెరిగిందంతే కదా" అనేది తప్పు లెక్క. ఎన్ని నెలలకు రెట్టింపు అవుతాంది అనేది సరైన లెక్క. నాకు 0.07 నుంచి 0.14కు ఆరు నెలలు. 0.10 నుంచి 0.20కు ఆరు నెలలు. రెట్టింపు కాలం ఆరు నెలలు. ఏడాది కంటే తక్కువలో రెట్టింపు అవుతుంటే జబ్బు తొందరగా ఉందని, ఏడాది పైన పడుతుంటే నిదానంగా ఉందని యూరప్ యూరాలజీ డాక్టర్ల మార్గదర్శకాలు చెబుతాయి. గ్లీసన్ గ్రేడును కూడా దీనితో కలిపి చూస్తారు. సంవర్గమానాల కాగితం మీద గీస్తే గుణశ్రేఢి వంకర లేని తిన్నని గీతలాగా వస్తుంది. నేను గీసినా. డాక్టరు దాన్ని చూసి ఫోటో తీసుకున్నాడు. 34 ఏళ్ళ సర్వీసులో నా గ్రాఫు ఎవరూ ఫోటో తీసుకోలేదు.

0.2 అనేది ఎందుకు ముఖ్యమంటే, ఆపరేషన్ అయినవాళ్ళకు రెండుసార్లు 0.2 గానీ అంతకు మించి గానీ వస్తే దాన్ని తిరగబెట్టినట్టు లెక్కేస్తారు. రెండుసార్లు. ఒక్కసారికి కాదు. మన జిల్లాలో ఒక్క వాన పడితే కరువు పోయిందని ఏ రైతూ అనుకోడు, ఒక్క అంకెకు కూడా అంతే విలువ. నేను ఆరు వారాలు ఆగి మళ్ళీ ఇచ్చినా. 0.24.

ఆ రోజు గురించి ఎక్కువ చెప్పను. నడుచుకుంటూ టవర్ క్లాక్ దాకా పోయి, ఎందుకు పోయినానో తెలీక వెనక్కి వచ్చినా.

ఇప్పుడు ఈ మాట కూడా వినండి, భయపడి లేచి పోవద్దు. పీఎస్ఏ పెరగటం వేరు, ఎముకల్లోకి పోవడం వేరు, చావు వేరు. ఈ మూడిటి మధ్య చాలా దూరం ఉంటుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన 1,997 మందిని ఏళ్ళ తరబడి చూసి 1999లో రాశారు. పీఎస్ఏ పెరిగినవాళ్ళకు, ఇంకే మందూ ఇవ్వకుండా చూసినా, జబ్బు పాకినట్టు స్కానులో కనబడటానికి మధ్యస్థంగా 8 ఏళ్ళు పట్టింది. మధ్యస్థం అంటే తెలుసు కదా, సగం మందికి ఇంకా ఎక్కువే. నిదానంగా పెరుగుతూ, ఎనభై ఏళ్ళ మనిషికైతే, ఊరికే చూస్తూ ఉందామని డాక్టరు చెప్పడం కూడా సరైన వైద్యమే. నిర్లక్ష్యం కాదది. కానీ నాకు 68, రెట్టింపు కాలం ఆరు నెలలు. చూస్తూ కూర్చునే లెక్క కాదు.

ఒక కొత్త రకం పెట్ స్కాను చేశారు, పీఎస్ఎంఏ స్కాను అంటారు. ప్రోస్టేట్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని మెరిసే మందు ఎక్కిస్తారు. దేహమంతా వెతికినా ఏమీ కనబడలేదు. నేను ఎగిరి గంతేసినా. డాక్టరు ఎగరలేదు. "కనబడలేదంటే లేదని కాదు మాస్టారూ, పీఎస్ఏ ఇంత తక్కువున్నప్పుడు సగం మందికి పైగా కనబడదు. కనబడే దాకా ఆగితే ఆలస్యమవుతుంది" అన్నాడు. రేడియేషన్ బాగా పనిచేసేది పీఎస్ఏ 0.5 దాటకముందు, ఇంకా తక్కువుంటే ఇంకా మేలు. మా డ్రిల్లు మాస్టారికి 0.3 వచ్చినప్పుడు ఆ తలుపు తెరిచే ఉండె. ఎవరూ చెప్పలేదంతే.

రేడియేషన్ అంటే నొప్పి ఏమీ ఉండదు. 33 రోజులు, వారానికి అయిదు రోజులు, పది నిమిషాల పని. కష్టమంతా నీళ్ళతోనే. మూత్రపు సంచి నిండుగా ఉండాలట, పేగు పక్కకు జరగడానికి. అరగంట ముందు నీళ్ళు తాగి బిగబట్టుకుని కూర్చోవాలి. ఆపరేషన్ అయినోడికి ఆ బిగబట్టడమే రాదు కదా! వరసగా ఆరుగురు ముసలోళ్ళం, కాళ్ళు కదిలించుకుంటూ, పిలుపు కోసం తలుపు వైపు చూస్తూ. పరీక్ష హాల్లో పిల్లలు "సార్, బయటికి పోవల్ల" అంటే నేను ఎంతమందిని కూర్చోబెట్టినానో అవన్నీ గుర్తొచ్చినాయి.

(నవ్వులు)

రేడియేషన్‌తో పాటు ఆర్నెల్లు హార్మోను సూది. మగ హార్మోనును ఆపేస్తుంది, అది లేకపోతే ఆ కణాలు ముడుచుకుంటాయి. దీన్ని 1941లో హగ్గిన్స్ అనే ఆయన చూపించాడు, 1966లో నోబెల్ ఇచ్చారు. నాకైతే ఒళ్ళంతా ఆవిర్లు. డిసెంబరులో ఫ్యాను. మా ఇంటావిడ చూసి "నాకు యాభైలో వచ్చినప్పుడు వేషాలంటిరి, ఇప్పుడు మీకు అరవై ఎనిమిదిలో వచ్చినాయి" అనింది. జవాబు లేదు నా దగ్గర.

ఇక్కడ మోసపోవడానికి ఒక చోటుంది, జాగ్రత్త. సూది పనిచేస్తున్నన్నాళ్ళూ పీఎస్ఏ ఎట్లైనా కిందికి పోతుంది. అది రేడియేషన్ గొప్పా, సూది గొప్పా తెలీదు. సూది ఆపి, ఒంట్లో హార్మోను మళ్ళీ మామూలుగా వచ్చినాక కనబడే అంకే అసలైన అంకె. అందుకని టెస్టోస్టిరాన్, అంటే ఆ మగ హార్మోను, కూడా కొలిపించుకుని పక్కనే రాసుకోవాలి. నాకు అది తిరిగి రావడానికి ఏడాది దగ్గర పట్టింది. అప్పటి నుంచి రెండేళ్ళుగా 0.02. కదలలేదు.

ఇంక నేను చెప్పేది అయిపోయింది. అడిగేది ఉంటే అడగండి.

(ఒక పెద్దాయన: "మా అన్నకు కెమెరా పెట్టి ప్రోస్టేట్ ఆపరేషన్ చేశారు సార్. పీఎస్ఏ 1.8 ఉంది. మీరు చెప్పేది వింటాంటే భయమేస్తాంది.")

మంచి ప్రశ్న అడిగినావన్నా. నేను మొదట్లోనే చెప్పాల్సింది. రెండూ ప్రోస్టేట్ ఆపరేషన్లే, రెండూ వేరు. మీ అన్నకు చేసింది, మూత్రం దారికి అడ్డం వచ్చిన కండను లోపల నుంచి గీకేయడం. చీనీకాయ తొక్క ఉంచి తొనలు తీసినట్టు. తొక్క ఉంటుంది, అది పీఎస్ఏ తయారు చేస్తూనే ఉంటుంది. ఆయనకు 1.8 ఉండటం వింత కాదు. నాకు చేసింది తొక్కతో సహా తీసేయడం. నాకు 1.8 అంటే వేరే కథ. గీకిన ముక్కలను పరీక్షకు పంపి ఉంటారు, ఆ రిపోర్టులో క్యాన్సర్ లేదని రాసిందో లేదో మాత్రం చూసుకో. రేడియేషన్‌తోనే వైద్యం చేయించుకుని, గ్రంథి లోపలే ఉన్నవాళ్ళకు ఇంకో లెక్క. వాళ్ళది ఎంత కిందికి పోయిందో ఆ అంకెకు 2 కలిపితే, దాన్ని దాటినప్పుడు తిరగబెట్టినట్టు. కాబట్టి పక్కింటాయన అంకెతో మన అంకె పోల్చుకోవద్దు.

(ఇంకొకరు: "ఏడాదికోసారి ఒళ్ళంతా స్కాను చేయించుకుంటే పోలేదా సార్? ఉద్యోగుల ఆరోగ్య పథకం, ఈహెచ్ఎస్ కార్డుంది కదా.")

కార్డుంటే ఆపరేషన్ కూడా రెండుసార్లు చేయించుకునేటట్టుండావే! పీఎస్ఏ కనబడకుండా ఉండి, ఒంట్లో బాధ లేకపోతే స్కానులో ఏమీ దొరకదు. వేరే ఏదో చిన్న మచ్చ కనబడి దాని వెనకాల తిరుగుతాం. కొన్ని వందల రూపాయల రక్తపరీక్ష స్కాను కంటే ఏళ్ళ ముందే చెబుతుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మనది ఒకటి. లక్షల వైద్యానికి కార్డు పట్టుకుని బెంగళూరు దాకా పోతాం, వందల టెస్టు దగ్గర బద్ధకిస్తాం. అదేందో నాకర్థం కాదు.

(ఒక అక్క: "నడుం నొప్పి ఉంటే అదేనేమో అని భయపడతాన్నాడు మా ఆయన.")

నడుం నొప్పి లేని రిటైర్డ్ మాస్టారు ఎవరమ్మా ఈ హాల్లో? ఉంటే చెయ్యెత్తండి. చూశావా. పడుకున్నా తగ్గకుండా, రాత్రి నిద్ర లేపేటట్టు, వారాలు పోయే కొద్దీ ఎక్కువయ్యేటట్టు ఉంటే చూపించండి. ప్రోస్టేట్ క్యాన్సర్ పోవడానికి ఇష్టపడేది వెన్నెముకకు, కటి ఎముకలకు. కాళ్ళు బలం తప్పినా, తిమ్మిరెక్కినా, ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయినా, రేపు చూద్దాం అనొద్దు. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు లెక్క. ఆ రోజే పోవల్ల. చాలా అరుదుగా కొన్ని మొండి రకాలు పీఎస్ఏ తయారు చేయకుండా కూడా పెరుగుతాయి, అందుకే అంకె బాగున్నా ఒంటి మాట కూడా వినాలి.

(వెనక నుంచి ఒకరు: "ఏదో పొడి అమ్ముతాండారు సార్, ప్రోస్టేట్‌కు మంచిదని...")

కొనొద్దు. విటమిన్ ఇ మంచిదని అమెరికాలో 35,000 మంది ఆరోగ్యవంతులకు విటమిన్ ఇ, సెలీనియం ఇచ్చి చూశారు. మంచి జరక్కపోగా విటమిన్ ఇ వేసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చిందని 2011లో తేలింది. అంత తెలిసిన విటమినే అట్లైతే, పేరు లేని పొడి సంగతి ఏం చెప్పను? టమాటా తిను, చీనీ తిను, నడువు. అంతకంటే నాకు తెలిసిందేమీ లేదు.

(అధ్యక్షులు: "చివరి ప్రశ్న. మాస్టారూ, మీకు మళ్ళీ టెస్టు ఎప్పుడు?")

వచ్చే నెల 6న. సాయినగర్‌లో, ఎప్పుడూ ఇచ్చే ల్యాబులోనే. పరగడుపున పోవాల్సిన పని లేదు, ఈ టెస్టుకు తిన్నా తాగినా ఒకటే. ఏడేళ్ళుగా చెబుతాన్నా ఆ మాట మా ఇంటావిడకు. వినదు. ఆ రోజు పొద్దున పొయ్యి వెలిగించదు. రిపోర్టు సాయంత్రం అయిదుకు వస్తుంది. ఫోన్‌లో అంకె విని, పుస్తకంలో తనే రాసి, పోయినసారి అంకెతో ఒకసారి, అంతకుముందు అంకెతో ఒకసారి సరిచూసుకుని, అప్పుడు బొరుగులు నానబెడుతుంది. ఆ రోజు మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీ రాత్రి ఏడు గంటలకు. వచ్చేవాళ్ళు రండి.